గూడ్స్ బండి ఫోటో తీయాలంటే హైదరాబాద్‌లో ఏ వైపు పోవాలి, ఏ వేళకు పోవాలి

గూడ్స్ బండ్ల ఫోటోల పిచ్చి పట్టిన కొత్తలో నేను దాదాపు ఆరు నెలలు ఆదివారం పొద్దున్నే లేచి సంజీవయ్య పార్క్ స్టేషన్‌కు పోయేవాణ్ణి. అవతల హుస్సేన్ సాగర్, పక్కన చెట్లు, లేత ఎండ, ఇంతకన్నా ఏం కావాలి అనుకునేవాణ్ణి. ఎంఎంటీఎస్ లోకల్ బండ్లు వచ్చేవి, ఎక్స్‌ప్రెస్‌లు వచ్చేవి, గూడ్స్ మాత్రం వచ్చేది కాదు. చివరికి ప్లాట్‌ఫారం ఊడ్చే ఆమె నన్ను రెండు మూడు వారాలు చూసి చూసి, "గూడ్సులా? అవి మౌలాలి కాడి నుంచి అటే పోతయి సారు, ఇటెందుకొస్తయి" అంది. ఇంటికొచ్చి మ్యాప్ తీసి చూస్తే ఆమె చెప్పిందే నిజం. కాజీపేట వైపు నుంచి వచ్చి కర్ణాటకలోని వాడి జంక్షన్ వైపు పోయే గూడ్స్ బండి సికింద్రాబాద్ స్టేషన్ రద్దీలోకి రావాల్సిన పనే లేదు. మౌలాలి దగ్గర పక్కకు తిరిగి, నేరేడ్‌మెట్, అమ్ముగూడ, సుచిత్ర మీదుగా సనత్‌నగర్‌లో తేలుతుంది. నేను ఆరు నెలలు బండి రాని చోట బండి కోసం నిలబడ్డాను.

కాబట్టి ఎక్కడికి పోవాలి అని ఎవరడిగినా నేను ముందు అడిగేది నీకు ఏ బండి కావాలి అని. బొగ్గు బండా, సిమెంటు బండా, కంటైనర్లా, ట్యాంకర్లా? సరుకు ఎక్కడ పుట్టి ఎటు పోతుందో తెలిస్తే లైను అదే తెలుస్తుంది, లైను తెలిస్తే ఏ పూట పోవాలో సూర్యుడు చెప్తాడు. సీన్ బాగుందని చోటు ఎంచుకోవడం ఆఖరి పని.

హైదరాబాద్ నుంచి నాలుగు దిక్కులకూ నాలుగు లైన్లు ఉన్నాయి. తూర్పున కాజీపేట లైను, పడమర వికారాబాద్ మీదుగా వాడి లైను, దక్షిణాన కాచిగూడ, ఉందానగర్ మీదుగా మహబూబ్‌నగర్ లైను, ఉత్తరాన బొల్లారం, మేడ్చల్ మీదుగా నిజామాబాద్ లైను. గూడ్స్ విషయానికొస్తే ఈ నాలుగూ సమానం కాదు. తూర్పు పడమర లైనే అసలు దారి. సింగరేణి బొగ్గు రామగుండం, కొత్తగూడెం, మణుగూరు వైపు నుంచి కాజీపేట చేరి అక్కడి నుంచి పడమరకు వస్తుంది. అందులో కొంత రాయచూర్ థర్మల్ ప్లాంటు దాకా పోతుంది. ఖాళీ అయిన వ్యాగన్లు మళ్లీ తూర్పుకు బయల్దేరతాయి. 2021 అక్టోబరులో దక్షిణ మధ్య రైల్వే మూడు గూడ్స్ బండ్లను ఒకటిగా కలిపి 'గరుడ' అనే పేరుతో రాయచూర్ నుంచి మణుగూరుకు నడిపింది, అది కూడా ఇలాంటి ఖాళీ వ్యాగన్లతోనే. తాండూరు, వాడి వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, అక్కడి నుంచి మూత వ్యాగన్లలో సిమెంటు తూర్పుకు వస్తుంది. సనత్‌నగర్‌లో కంటైనర్ డిపో ఉంది, ముంబై పోర్టుల వైపు నుంచి వచ్చే కంటైనర్లు వాడి మీదుగా దానికి చేరతాయి. ఘట్‌కేసర్, చర్లపల్లి వైపు ఆయిల్ కంపెనీల టెర్మినళ్లు ఉన్నాయి కాబట్టి ట్యాంకర్ వ్యాగన్లు ఆ పక్కన కనిపిస్తాయి.

ఇక వెలుగు. దీన్ని ఒక్కసారి అర్థం చేసుకుంటే చాలు, మళ్లీ ఎవర్నీ అడగక్కర్లేదు. ఫోటోలో ఇంజిన్ మొహం మీద ఎండ పడాలి, పడకపోతే నల్లటి డబ్బా వచ్చినట్టే ఉంటుంది. తూర్పుకు పోయే బండి మొహం మీద పొద్దున ఎండ పడుతుంది, పడమరకు వచ్చే బండి మొహం మీద సాయంత్రం ఎండ పడుతుంది. అంటే కాజీపేట లైనులో నిండు బొగ్గు బండి కావాలంటే సాయంత్రం, తిరుగు ఖాళీ బండి కావాలంటే పొద్దున. వాడి లైనులో సిమెంటు బండి నగరం వైపు వస్తుంది కాబట్టి దానికి పొద్దున, పడమరకు పోయే బొగ్గుకు సాయంత్రం. నేను ఘట్‌కేసర్‌లో నిండు బొగ్గు బండిని పొద్దున ఏడింటికి తీసి ఎందుకు బాగా రాలేదని కెమెరాను తిట్టుకున్న రోజులు ఉన్నాయి, తప్పు కెమెరాది కాదు.

ఏ పక్కన నిలబడాలి అన్నది ఇంకో లెక్క. హైదరాబాద్ 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికే ఉంటాడు, మిగతా తొమ్మిది నెలలు దక్షిణాన. కాబట్టి తూర్పు పడమర లైన్లకు చలికాలంలో దక్షిణం పక్క నిలబడితే రోజంతా ఎండ మీ వీపు మీదే, వ్యాగన్ల పక్క భాగం మొత్తం వెలుగులో. నడి ఎండాకాలంలో పొద్దున, సాయంత్రం మాత్రం ఉత్తరం పక్కే మేలు. పైగా మన దేశంలో బండ్లు ఎడమ లైను మీద నడుస్తాయి. తూర్పుకు పోయేది ఉత్తరం లైను మీద, పడమరకు వచ్చేది దక్షిణం లైను మీద ఉంటుంది. చలికాలం సాయంత్రం దక్షిణం పక్క నిలబడితే నిండు బొగ్గు బండి మీకు దగ్గరి లైను మీదే, మొహం మీద ఎండతో, అడ్డం ఏమీ లేకుండా వస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నేను కాజీపేట లైను వదిలి ఎటూ పోకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు చోట్ల సంగతికి వస్తాను.

ఆఫీసు అయ్యాక గంట సమయం ఉంది, ఊరు దాటే ఓపిక లేదు అనుకునేవాళ్లకు మౌలాలి-సనత్‌నగర్ లైను. సుమారు 22 కిలోమీటర్ల ఈ దారి ఒకప్పుడు దాదాపుగా గూడ్స్ కోసమే ఉండేది, ఇళ్ల వెనకాల నుంచి, ముళ్ల చెట్ల మధ్య నుంచి పోయేది, చట్టప్రకారం నిలబడి ఫోటో తీయడానికి చోటే ఉండేది కాదు. ఎంఎంటీఎస్ రెండో దశలో దీన్ని డబుల్ లైను చేసి కరెంటు వేశారు. 2024 మార్చిలో ఈ దారిలో ఘట్‌కేసర్-లింగంపల్లి ఎంఎంటీఎస్ మొదలైంది. దాంతో హౌసింగ్ బోర్డ్ కాలనీ, నేరేడ్‌మెట్, అమ్ముగూడ, భూదేవినగర్, సుచిత్ర సెంటర్, ఫిరోజ్‌గూడ స్టేషన్లు వచ్చాయి. మనకు కావాల్సింది ఇదే! ఎంఎంటీఎస్ టికెట్ కొనుక్కుని ప్లాట్‌ఫారం మీద దర్జాగా నిలబడవచ్చు. ఇక్కడ ఎంఎంటీఎస్‌లు తక్కువ, జనం ఇంకా తక్కువ, గూడ్స్ మాత్రం వస్తూనే ఉంటాయి. లోపాలు కూడా చెప్పాలి. లైను తిన్నగా ఉండదు, మౌలాలి నుంచి వాయవ్యానికి ఎక్కి మళ్లీ సనత్‌నగర్ వైపు దిగుతుంది కాబట్టి ఒక స్టేషన్‌లో పనికొచ్చిన వెలుగు లెక్క పక్క స్టేషన్‌లో పనికిరాదు. వెనకాల నీళ్ల ట్యాంకులు, ఫ్లెక్సీలు, ఆరేసిన బట్టలు ఫోటోలో పడతాయి. కొందరికి అది చిరాకు, నాకైతే అదే హైదరాబాద్. ముఖ్యమైన జాగ్రత్త ఏంటంటే అమ్ముగూడ చుట్టుపక్కల మిలిటరీ స్థలాలు ఉన్నాయి, అటు కెమెరా తిప్పొద్దు, ట్రైపాడ్ అసలే వద్దు. డ్రోన్ గురించి ఆలోచన కూడా మానుకోండి, బేగంపేట, హకీంపేట ఎయిర్‌ఫీల్డులు రెండూ దగ్గరే.

సగం రోజు చేతిలో ఉంటే చర్లపల్లి, ఘట్‌కేసర్, బీబీనగర్. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎవరైనా ముందు ఇటే పోవాలని నా అభిప్రాయం, ఎందుకంటే ఇక్కడ వట్టి చేతులతో తిరిగి రావడం కష్టం. వాడి వైపు పోయేవి, మౌలాలిలో ఆగేవి, ట్యాంకర్లు, బీబీనగర్ దాటాక పగిడిపల్లి దగ్గర విడిపోయే గుంటూరు లైను బండ్లు, అన్నీ ఈ ముక్క మీద నుంచే పోవాలి. గుంటూరు లైను మీద నల్గొండ జిల్లా సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి, దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ ప్లాంటు కూడా అటే. ఉప్పల్ దాకా మెట్రో, అక్కడి నుంచి ఘట్‌కేసర్‌కు సిటీ బస్సు, అంతే.

అయితే చర్లపల్లి, ఘట్‌కేసర్ రెండింట్లో ఏది అంటే నేను ఘట్‌కేసర్ అంటాను, ఘట్‌కేసర్, బీబీనగర్‌లలో ఏది అంటే బీబీనగర్ అంటాను. చర్లపల్లి 2025 జనవరిలో పెద్ద టెర్మినల్ అయింది, చూడ్డానికి బాగుంది, కానీ ప్రయాణికుల బండ్లు పెరిగాయి, జనం పెరిగారు, కాపలా కూడా పెరిగింది. ఆయిల్ టెర్మినళ్ల వైపు కెమెరా ఎత్తితే ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు, అడగడం న్యాయమే. చర్లపల్లి నుంచి ఘట్‌కేసర్ దాకా నాలుగు లైన్లు ఉన్నాయి, నాలుగు లైన్లంటే లాభం అనుకుంటాం గానీ ఫోటోకు అది నష్టం. మీకు కావాల్సిన బండి అవతలి లైను మీద వస్తుంటే సరిగ్గా అప్పుడే ఇవతలి లైను మీద ఇంకోటి వచ్చి అడ్డం పడుతుంది. నాకు ఒకసారి మూడు గంటలు ఎదురుచూశాక పన్నెండు వేల హార్స్‌పవర్ వ్యాగ్-12 ఇంజిన్ వచ్చింది. ఈ జంట ఇంజిన్ మన వైపు అప్పుడప్పుడే కనిపిస్తుంది, దాన్ని చూసి చేతులు వణికాయి, కెమెరా ఎత్తేలోపు ముందు నుంచి ఒక ప్యాసింజర్ మెల్లగా, చాలా మెల్లగా, మొత్తం అడ్డంగా పోయింది. మిగిలింది చివరి వ్యాగన్ ఫోటో. దాన్ని ఇప్పటికీ డిలీట్ చేయలేదు. ఘట్‌కేసర్ దాటితే రెండే లైన్లు, చుట్టూ పొలాలు, నల్లటి గుండ్రాళ్ల గుట్టలు, ఇక ఫోటో మీ చేతిలో ఉన్నట్టే.

ఇంకొంచెం ముందుకు పోతే భువనగిరి. ఒకే బండరాయి మీద కట్టిన కోట ఊరంతటి మీదా కాపలా ఉన్నట్టు కనిపిస్తుంది, పొడుగు లెన్స్ పెట్టి తీస్తే ఆ రాయి బండి నెత్తిన కూర్చున్నట్టు వస్తుంది. కోట పైకి ఎక్కితే రైలు దారంలా కనిపిస్తుంది, బాగుంటుంది కానీ అది గూడ్స్ ఫోటో కాదు, ఊరి ఫోటో. పైగా బండరాయి ఎండకు కాలుతుంది, ఎక్కేసరికి సగం ఓపిక పోతుంది. భువనగిరిని నేను బీబీనగర్ కన్నా ఒక మెట్టు కిందే పెడతాను. సీన్ గొప్పదే, కానీ రాయి మీద వెలుగు, ఇంజిన్ మీద వెలుగు, బండి రాక, మూడూ ఒకేసారి కలవాలి, ఏడాదిలో నాకు రెండుసార్లు కలిశాయి. యాదగిరిగుట్టకు ఎలాగూ కుటుంబంతో పోతున్నాం కదా అని మధ్యలో దిగేవాళ్లకు మాత్రం ఇది బంగారం లాంటి చోటు. ఇంట్లోవాళ్లతో "పది నిమిషాలు" అని చెప్పి గంట నిలబడితే తర్వాత జరిగేదానికి నా బాధ్యత లేదు.

రోజంతా ఉంది, బండ్ల లెక్క కన్నా ఫోటో అందం ముఖ్యం అనుకుంటే పడమరకు పోండి. ఇది రాష్ట్రంలోనే పాత దారి, సికింద్రాబాద్-వాడి లైను 1874లో వేశారు. లింగంపల్లి దాటి నాగులపల్లి, శంకర్‌పల్లి దాకా అపార్ట్‌మెంట్లు వెంటపడతాయి, శంకర్‌పల్లి తర్వాత వదిలేస్తాయి. చిట్టిగిద్ద, వికారాబాద్, గోధుమగూడ, ధారూర్ వైపు మట్టి ఎర్రగా ఉంటుంది, అనంతగిరి అడవి దగ్గరవుతుంది. వానాకాలంలో ఆ ఎర్రమట్టి, పచ్చదనం మధ్య నుంచి తెల్లటి కంటైనర్ల వరుస వంపు తిరుగుతుంటే చూడాలి. బతుకమ్మ రోజుల్లో పట్టాల పక్కన తంగేడు పూస్తుంది, హోలీ ముందు మోదుగ పూస్తుంది, సీతాఫలాల కాలంలో స్టేషన్ బయటే గంపలు పెట్టుకుని కూర్చుంటారు. మబ్బు పట్టిన రోజున సూర్యుడి లెక్కలేవీ అక్కర్లేదు, ఏ పక్క నుంచి తీసినా వెలుగు మెత్తగా సమానంగా ఉంటుంది. అందుకే జూలై నుంచి సెప్టెంబరు దాకా నా ఓటు వికారాబాద్‌కే.

కాకపోతే ఓపిక కావాలి. కాజీపేట వైపు చూసినన్ని బండ్లు ఇక్కడ కనిపించవు, ఒక్కోసారి రెండు గంటలు మేకలు తప్ప ఏమీ రావు. వికారాబాద్ జంక్షన్ స్టేషన్‌లోనే కాసేపు కూర్చోవడం మంచిది, పర్లి వైపు లైను కూడా ఇక్కడే విడిపోతుంది, గూడ్స్ బండ్లు లూప్ లైనులో, అంటే మెయిన్ లైను పక్కన బండ్లు ఆపే లైనులో, ఆగి ఎక్స్‌ప్రెస్‌లకు దారిస్తుంటాయి. లూప్‌లో నిలబడ్డ బండి అన్నింటికన్నా సులువైన బండి అని నేను ఎన్నిసార్లు చెప్పినా కొత్తవాళ్లు వినరు, నిలబడిన బండిలో ఏముంది అంటారు. అది కదిలేటప్పుడు చూడండి. నిండు బొగ్గు బండి, 58 లేదా 59 వ్యాగన్లు, అరకిలోమీటరు దాటిన పొడవు, వ్యాగన్లను కలిపే ఒక్కో కప్లింగు బిగుసుకుంటూ ఆ చప్పుడు ముందు నుంచి వెనక్కి పరుగెత్తుతుంది, తర్వాత నడక వేగంతో మీ ముందు నుంచి పోతుంది. ఫ్రేము పెట్టుకోవడానికి, సరిచేసుకోవడానికి, ఇంకోసారి తీయడానికి ఇంతకన్నా సమయం ఏ బండీ ఇవ్వదు.

దక్షిణం లైను గురించి తక్కువే చెప్తాను. సికింద్రాబాద్-మహబూబ్‌నగర్ 85 కిలోమీటర్లు డబుల్ లైను, కరెంటు పూర్తయి 2023 ఏప్రిల్‌లో జాతికి అంకితం చేశారు. అంతకుముందుతో పోలిస్తే ఇప్పుడు కదలిక మెరుగ్గానే ఉంది. లైను ఉత్తర దక్షిణాలుగా పోతుంది కాబట్టి పొద్దున తూర్పు పక్క, సాయంత్రం పడమర పక్క నిలబడితే చాలు, ఇంకేం ఆలోచించక్కర్లేదు. ఉందానగర్ దాటి తిమ్మాపూర్, షాద్‌నగర్ వైపు విశాలంగా ఉంటుంది. శంషాబాద్ వైపు ఉండేవాళ్లకు ఇదే దగ్గర, ఉప్పల్ వైపు ఉండేవాళ్లు దీనికోసం ఊరంతా దాటి రానక్కర్లేదు. ఇక ఉత్తరాన మేడ్చల్ దాటాక సింగిల్ లైను, గూడ్స్ తక్కువ. ఒకే లైను కాబట్టి అడ్డం వచ్చే బండి ఉండదు, అదొక్కటే దాని మంచి గుణం. మనోహరాబాద్ వైపు పొలాలు బాగుంటాయి కానీ పొలాల ఫోటోకు కాదు కదా మనం పోయేది.

వేళ గురించి. గూడ్స్‌కు టైంటేబుల్ ఉండదు. ప్యాసింజర్ బండ్ల మధ్య ఖాళీ చూసి, బండ్ల రాకపోకలు నడిపే కంట్రోల్ ఆఫీసు వాళ్లు వదులుతారు. ఫోన్‌లో రైళ్లు చూపించే యాప్‌లు గూడ్స్‌ను చూపించవు, అయినా అవే మనకు ఆధారం. మీరు పోయే స్టేషన్ మీదుగా ఏ ఎక్స్‌ప్రెస్ ఎప్పుడు పోతుందో ముందు రాసుకోండి, వాటి మధ్య ఎక్కడ నలభై నిమిషాలు, గంట ఖాళీ ఉందో చూడండి, గూడ్స్ వస్తే అక్కడే వస్తుంది. వరుసగా ఎక్స్‌ప్రెస్‌లు పోయాక వచ్చే మొదటి ఖాళీలో లూప్‌లో ఆగిన బండ్లు ఒకదాని వెనుక ఒకటి బయటపడటం నేను చాలాసార్లు చూశాను. పొద్దున ఎనిమిది నుంచి పదిన్నర దాకా నగరం చుట్టుపక్కల లోకల్ బండ్ల జోరు, ఆ సమయంలో గూడ్స్ ఎక్కడో లూప్‌లో పడి ఉంటాయి. మధ్యాహ్నం పదకొండు నుంచి మూడు మధ్య కదలిక బాగుంటుంది కానీ వెలుగు చచ్చిపోయి ఉంటుంది, ఏప్రిల్, మే నెలల్లో అయితే పట్టాల మీద గాలి మరుగుతున్నట్టు ఊగి పొడుగు లెన్స్ ఫోటోలన్నీ మసకబారతాయి. కాబట్టి మిగిలేవి తెల్లారిన మొదటి గంటన్నర, సాయంత్రం ఆఖరి రెండు గంటలు. జూన్‌లో 5:45కే తెల్లారుతుంది, అప్పటికి లోకల్ రద్దీ మొదలు కాదు, ఆ గంటన్నర చాలా విలువైనది. జనవరిలో తెల్లారేసరికి 6:45 దాటుతుంది, మంచు, పొగ కలిసి ఎండ నేలకు దిగేసరికి ఇంకో అరగంట, అంతలో ఎంఎంటీఎస్‌లు మొదలు. అందుకే చలికాలం పొద్దున నిద్రపోండి, సాయంత్రం పోండి. ఆదివారం లోకల్ బండ్లు తక్కువ కాబట్టి గూడ్స్‌కు దారి దొరుకుతుంది, కానీ అదే ఆదివారం ట్రాక్ పనులకు లైను ఆపితే రెండు మూడు గంటలు పురుగు కూడా కదలదు. రెండోది చాలాసార్లు మీకు ముందే తెలియదు, టిఫిన్ కట్టుకుని పోవడమే.

వచ్చేది గూడ్సా కాదా ముందే పసిగట్టడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. ఏ ప్యాసింజరూ రావాల్సిన టైం కాదు, అయినా మెయిన్ లైను సిగ్నల్ ఎరుపు నుంచి మారింది అంటే చాలావరకు గూడ్సే. ఇంకా గేటు ఉన్న చోట అయితే గేటు పడుతుంది. గేటు కాడ అన్నను మర్యాదగా "అన్నా, బండి ఏమన్న ఉందా" అని అడిగితే "లైన్ క్లియర్ ఇచ్చిన్రు, పది నిమిషాలల్ల వస్తది" అని చెప్పేవాళ్లు ఉన్నారు, "నీకెందుకు" అనేవాళ్లూ ఉన్నారు, ఆయన డ్యూటీలో ఉన్నాడు, రెండో మాట అంటే దండం పెట్టి పక్కకు రావాలి. చెవులు కూడా పని చేస్తాయి, ఖాళీ వ్యాగన్లు రేకు డబ్బాల్లా గలగలలాడతాయి, నిండు బండి మాత్రం లోతుగా ఒకే మూలుగు మూలుగుతూ వస్తుంది, కాళ్ల కింద నేల చెప్తుంది.

భద్రత గురించి చెప్పకుండా ఇవన్నీ చెప్పడం తప్పు. పట్టాల మీదకు, పట్టాల పక్క కంకర మీదకు వెళ్లొద్దు. అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి పోతే 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అది పక్కన పెట్టినా, కరెంట్ ఇంజిన్ లాగే బండి ఎంత నిశ్శబ్దంగా వస్తుందో నిలబడి చూసినవాళ్లకే తెలుసు, ఒక లైను మీద పోయే బండి చప్పుడులో రెండో లైను మీద వచ్చేది అసలు వినబడదు. పైన తీగల్లో 25 వేల వోల్టులు ఉంటాయి, వంతెన మీద నుంచి సెల్ఫీ స్టిక్ కిందకి చాపడం లాంటి పనులు చేయకండి, తీగను తాకక్కర్లేదు, దగ్గరికి పోతే చాలు. నిలబడదగిన చోట్లు నాలుగే. స్టేషన్ ప్లాట్‌ఫారం పసుపు గీతకు ఇవతల, ఫుట్ ఓవర్ బ్రిడ్జి, రోడ్డు వంతెన మీద నడిచే దారి, రైల్వే హద్దు బయట పొలం గట్టు, అదీ రైతును అడిగి. ప్లాట్‌ఫారం టికెట్ పది రూపాయలు, రెండు గంటలు చెల్లుతుంది. దాన్ని జేబులో కాదు చేతిలో పెట్టుకోండి, ఎవరైనా అడిగితే ముందు అదే చూపించండి. ఆపేయమంటే ఆపేయండి. ఒక స్టేషన్‌లో నాతో వచ్చిన కుర్రాడు యూనిఫాంలో ఉన్న ఆయనతో రూల్స్ మాట్లాడబోయాడు, ఆ రోజు మాకు మిగిలింది ఒక గంట టెన్షన్, తీయని ఫోటోలు.

ఫోన్ సరిపోతుందా అని చాలామంది అడుగుతారు. ప్లాట్‌ఫారం మీద నుంచి, వంతెన మీద నుంచి తీయడానికి హాయిగా సరిపోతుంది. గూడ్స్ వేగం ఎక్స్‌ప్రెస్‌లంత ఉండదు కాబట్టి పగటి వెలుగులో ఫోన్ తట్టుకుంటుంది. పొలం గట్టు మీద దూరంగా నిలబడితే, లేదా భువనగిరి రాయిని వెనకాల పెట్టాలనుకుంటే 200 మిల్లీమీటర్ల లెన్స్ ఉన్న కెమెరా కావాలి, షట్టర్ 640లో ఒక వంతు సెకను పెడితే ఇంజిన్ మీద అక్షరాలు కూడా చదవొచ్చు. ఆ అక్షరాలు చదవడం కూడా ఒక సరదానే, ఇంజిన్ పక్కన దాని షెడ్ పేరు, అంటే దాన్ని బాగుచేసి చూసుకునే చోటు పేరు, రాసి ఉంటుంది, కాజీపేట, లాలాగూడ, మౌలాలి, విజయవాడ, గుత్తి. కొంతకాలం రాసుకుంటూ పోతే ఏ సరుకు బండికి ఏ షెడ్ ఇంజిన్ ఎక్కువగా వస్తుందో మీకే తెలుస్తుంది. నా నోటుబుక్‌లో మూడేళ్లవి ఉన్నాయి, ఇంట్లో దాన్ని కిరాణా లెక్కల పుస్తకం అనుకుంటున్నారు.

డిసెంబరులో నన్ను అడిగితే మధ్యాహ్నం రెండున్నరకు ఉప్పల్‌లో బస్సెక్కి, బీబీనగర్‌లో దిగి, చాయ్ తాగి, మూడున్నరకల్లా లైనుకు దక్షిణం పక్క రైల్వే హద్దు బయట నిలబడమంటాను. అయిదున్నర దాటితే వెలుగు పోతుంది. ఆ రెండు గంటల్లో పడమరకు వచ్చే నిండు బొగ్గు బండి ఒక్కటి దొరికినా చాలు. దొరక్కపోతే బస్టాండు దగ్గర మిర్చి బజ్జీలు వేసే వేళ అదే.